బియ్యం నిండుకున్నాయని చెప్పిన రోజు

ఈ ఉదయం బియ్యం బస్తా కుట్టు విప్పుతుంటే సరైన కొస చేతికి చిక్కి, దారమంతా ఒక్క గుంజుకు సర్రున ఊడి వచ్చింది. తవుడు వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలినప్పుడల్లా మేము మొదట అద్దెకున్న అపార్ట్‌మెంటు, దాని సెల్లారులో లిఫ్టు పక్కనున్న ఒంటిగది, ఆ గది ముందు చాట పట్టుకుని కూర్చున్న బాలమణమ్మ గుర్తొస్తారు. ఆవిడ మా వాచ్‌మన్ యాదయ్య భార్య. నారాయణపేట వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. పొద్దున మాదాపూర్‌లో ఒక ఆఫీసులో ఊడ్చి తుడిచే పనికి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. నాకు ఇల్లు నడపడం నేర్పింది ఆవిడే. మా అమ్మ నేర్పలేదని కాదు, అమ్మ చెప్పినప్పుడు నేను చెవిన పెట్టలేదు.

అప్పట్లో మా ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. నాలుగు పచ్చిమిరపకాయలు కావాలన్నా ఫోన్లో నొక్కడమే, పది నిమిషాల్లో బండి గేటు ముందుండేది. మిరపకాయలొక్కటే తెప్పిస్తే డెలివరీ ఛార్జీ పడుతుందని చిప్సూ, ఐస్‌క్రీమూ, ఇంట్లో ఉన్న పెసరపప్పే ఇంకో ప్యాకెట్టూ జోడించేదాన్ని. ముప్పై రూపాయలు మిగల్చడానికి మూడొందలు ఖర్చుపెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని. వచ్చిన ప్రతి బండినీ యాదయ్య గేటు పుస్తకంలో రాసేవాడు. ఆ పుస్తకం బాలమణమ్మ కూడా తిరగేస్తుందని నాకేం తెలుసు.

పాప పుట్టాక నేను ఉద్యోగం మానేశాను. ఆ తర్వాత ఆర్నెల్లకు మా ఆయన ఉద్యోగం పోయింది. బ్యాంకులో ఉన్నది గట్టిగా మూడు నెలలకు వస్తుంది. అద్దె తగ్గదు, లోను కంతు తగ్గదు, పాప పాలడబ్బా తగ్గదు. తగ్గించుకోగలిగింది వంటింటి ఖర్చొక్కటే. ఈలోగా ఆయనకు పని దొరక్కపోతే ఇల్లు ఖాళీ చేసి, సామానుతో భీమవరం వెళ్ళి మా నాన్న ఇంట్లో కూర్చోవాలి. ఆ తలవంపు తలుచుకుంటేనే ఆయన ముఖం మాడిపోయేది. ఎవరికీ చెప్పకూడదని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం.

బాలమణమ్మకు ఒట్లతో పనిలేదు. "ఏందమ్మా, వారం సంది మీ ఇంటికి ఒక్క బండి రాలే. ముంగట రోజుకు ఆరు బండ్లొచ్చేటివి," అంది, చాటలో కందిపప్పు చెరుగుతూ.

"కాస్త ఖర్చు తగ్గిద్దామనండి, బాలమణమ్మగారూ."

"నన్ను గారంటవేంది? మా ఆయన ఇంటే నవ్వుతడు. రేపు నాతోని అంగడికి రా."

మర్నాడు బయల్దేరే ముందు పైకొచ్చి, అడగకుండానే నా వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి చూసింది. అటుకులు మూడు ప్యాకెట్లు, పెసరపప్పు మూడు ప్యాకెట్లు. అన్నీ విప్పినవే. "ఇవి తినేదాంక మల్ల ఇవే కొనకు" అంది. నాకు తల కొట్టేసినట్లయింది. శేరిలింగంపల్లి వైపు వారానికోసారి జరిగే ఆ అంగడిలో ఆవిడ ముందు ఏమీ కొనలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ధరలడుగుతూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. "మొదటి చుట్టు కండ్లతోని, రెండో చుట్టు చేతులతోని" అంది. మెత్తబడ్డ టమాటాలు ఆ రోజు పచ్చడికి, గట్టివి వారానికి. ఒక్కటే సంచి, అది నిండితే ఇంటికి. బియ్యం మాత్రం మిల్లు నుంచి బస్తాల లెక్కన తెప్పించి ఐదిళ్ళ వాళ్ళకు పంచేది. ఆ నెల మా వంటింటి ఖర్చు సగానికి దిగింది.

అయినా మూడో నెల చివరికి చేతిలో ఏమీ మిగల్లేదు. సరిగ్గా అప్పుడే ఆవిడ మెట్ల దగ్గర అడిగింది. "బస్తాలు తెప్పిస్తున్న. నీకు బియ్యమున్నయా బిడ్డా?"

మా గోదావరి వైపు బియ్యం అయిపోయాయని నోటితో అనరు, అశుభమట. నిండుకున్నాయంటారు. లేవని చెప్పడానికి నోరు రాక నేనా మాట చాటున దాక్కున్నాను. "నిండుకున్నాయండి" అన్నాను.

"మంచిగైంది. ఇగ ఫికర్ లేదు" అంటూ దిగి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు అటుకులతో, ఉప్మాతో నెట్టుకొచ్చాం. ఆవిడ మీద నాకు పీకల దాకా కోపం. అంత తెలిసిన మనిషి, అర్థమై కూడా తప్పుకుందని అనుకున్నాను. ఐదో రోజు పుంటికూర, అదే మా గోంగూర, ఇవ్వడానికొచ్చి అలవాటుగా డబ్బా మూత తీసింది. అడుగున బియ్యపు గింజ లేదు.

"నిండుకున్నయంటివి కదా?"

ఆ మాటకు మా వైపు అర్థమేమిటో చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వకుండా నేల మీద కూలబడింది.

"మా దిక్కు నిండుకున్నయంటే నిండుగున్నయని. అయిపోతే ఒడిసినయంటం. పసిపిల్ల ఉన్న ఇంట్ల గిట్ల దాస్తరా? లేంది లేదంటే ఇజ్జత్ పోదు బిడ్డా. ఏదీ, ఒక్కసారి ఒడిసినయ్ అను."

"ఒడిసినయ్" అన్నాను. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన ఉద్యోగం పోయిన సంగతీ, అద్దెకు డబ్బు లేని సంగతీ అన్నీ చెప్పేశాను.

తన వాటా బియ్యంలో సగం తెచ్చి నా డబ్బాలో పోసింది. ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని ఇంటి ఓనరు దగ్గరకు తీసుకెళ్ళి, పక్కన నిలబడింది. "ఈ నెల అద్దె లేదండి, ఆయన ఉద్యోగం పోయింది, పదిహేను రోజులు ఆగండి" అని నా నోటితోనే చెప్పించింది. ఓనరు సణిగాడు, చివరికి సరేనన్నాడు. పన్నెండో రోజున మా ఆయనకు ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీకున డబ్బాలన్నీ తెరిచి చూశాకే మా ఇంట్లో సరుకుల చీటీ రాస్తాం. నేను మళ్ళీ ఉద్యోగంలో చేరాను; ఆఫీసులో పని నెత్తి దాటుతుంటే సమయం లేదని చెప్పేస్తాను. అమ్మాయి ఖరీదైన బొమ్మ అడిగితే, రేపూ మాపూ అనకుండా డబ్బు లేదంటాను. ఇవన్నీ చిన్న సంగతుల్లాగే కనిపిస్తాయి. కానీ లేనిది దాచడానికి ఒకప్పుడు ఎంత ఖర్చుపెట్టానో నాకు తెలుసు.

యాదయ్యకు కాపలా పని చేసే ఓపిక లేకపోవడంతో వాళ్ళు ఊరికి వెళ్ళిపోయారు. పోయిన ఏడాది బాలమణమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, కన్ను ఆపరేషనయింది. మందులు ఒడిసినయ్, పైసల్ గూడ ఒడిసినయ్. పంపుతవా?" సంజాయిషీ లేదు, నసుగుడు లేదు. వెంటనే పంపాను. మందులు కొన్నాక మళ్ళీ చేసి, "నా కొడుకునన్న అడిగేటప్పుడు జర ఆలోచిస్త. నిన్నడిగేటప్పుడు ఆలోచన రాలే" అంది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. ఇన్నేళ్ళలో నన్ను మెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, అంత దగ్గరిదాన్ని చేసుకున్న మనిషి ఇంకొకరు లేరు.