లక్ష్మణరావు విన్న ఉపగ్రహం

మా లక్ష్మణరావుకి తెలియని విషయం బొబ్బిలిలో లేదు. సరిగ్గా తెలిసిన విషయం కూడా ఒక్కటీ లేదు. పాతికేళ్లుగా స్టీలు సామాన్ల కొట్టు వాడిది. ఒకప్పుడు హోమియో మాత్రలు పంచాడు, తరవాత వాస్తు చెప్పాడు. ఆ రెండూ జనం భరించారు. కూతురు పింకీ ఇంజనీరింగు కాలేజీలో తోటి పిల్లలతో కలిసి చెప్పుల పెట్టెంత ఉపగ్రహం తయారుచేస్తోందని తెలిసిన రోజు నుంచి రేడియో పెట్టుకుని ఉపగ్రహాల కూతలు వినడం మొదలుపెట్టాడు.

నేను జోగయ్యని. వీణలకి మెట్లు బిగిస్తాను. మైనం మీద మెట్టు వెంట్రుకవాసి జరిగినా నా చెవికి తెలుస్తుంది, దానితోనే నాకు అన్నం. చిన్నప్పుడు వాడూ నేనూ ఒకే బెంచీ. ఆ మొహమాటంతో యాంటెనాకి పనస బద్ద చెక్కి ఇచ్చాను. దానికి నాలుగు అల్యూమినియం పుల్లలు గుచ్చి, ఆ మర్నాటి నుంచి బేరానికి వచ్చినవాళ్లకి అంతరిక్షం గురించి పాఠాలు.

పోయినేడు రాకెట్టు లేచింది. పైన తొమ్మిది చిన్న ఉపగ్రహాలను వదిలింది. వరసలో పోతున్న వాటిలో తమది ఏదో పిల్లలకి తెలియలేదు. నాలుగోది అనుకున్నారు. పిల్లల ఉపగ్రహం పంపే కూత, అది మనల్ని దాటేటప్పుడు, రైలు కూతలాగే, స్వరం దిగుతుంది. ఆ సమయం రాసి పింకీకి పంపితే వాళ్లది ఎన్నోదో తేలుతుంది. తేలితే దానివైపే యాంటెనా తిప్పి, మడిచి ఉన్న సోలార్ రెక్కలు తెరవమని కమాండ్ పంపుతారు. అప్పటిదాకా బ్యాటరీ మూడు రోజులే.

మర్నాడు ఉదయం ఏడింటికి వాడి డాబా ఎక్కాం. బద్ద వాడు పట్టుకున్నాడు, గడియారం నేను చూశాను. నాలుగోది ఏడూ పన్నెండుకి దాటాలంది, పిల్లలు ఫోనుకి పంపిన లెక్క. ఏడూ పన్నెండైంది. రేడియోలో స్వరం కదల్లేదు. ఇంకో అర నిమిషానికి జారింది.

"ఒరే, అర నిమిషం లేటురా. అదే రాయి" అన్నాను.

"ఫోన్లో ఉన్నది తప్పవుతాదేటి? సెక్క సెక్కుకున్నోడివి, నీకేటి తెలుస్తాది?" అని ఫోను చెప్పిన సమయమే పంపాడు. ఇక చెవులెందుకో వాడికి!

సాయంత్రం నేను కొట్లో ఉండగానే పింకీ ఫోను. వాడు స్పీకరు పెట్టాడు.

"నాన్నా, ఆ పూట విన్నది నువ్వొక్కడివే. సెకనుతో సహా మా లెక్కలాగే ఉన్నాది. నిజంగా సెవితో విన్నదేనా?"

వాడు నా వైపు చూశాడు. ఎవరినీ ఏదీ అడగనివాడు, ఆ చూపుతో నన్ను బతిమాలాడు.

"విన్నదే అమ్మా" అన్నాడు.

వాడంటే నాకెంత చులకనో, ఆ క్షణాన అంత జాలేసింది. కూతురి ముందు పరువు పోతుందని నోరు మూసుకున్నాను.

పిల్లలు నాలుగోదానికే కమాండ్లు పంపుతూ కూర్చున్నారు. నాలుగో రోజుకి కూత ఆగిపోయింది. సహకరించినందుకు కాలేజీ పంపిన సర్టిఫికెట్‌ని ఫ్రేము కట్టించి ఇడ్లీ పాత్రల పైన తగిలించాడు, సిగ్గులేనివాడు.

సెలవులకి వచ్చిన పింకీ తిన్నగా నా దగ్గరికి వచ్చింది. మెట్టు బిగిస్తున్నాను.

"మావయ్యా, మాది ఏడోదంట. అంతా అయిపోయినాక తేలింది. అర నిమిషమే తేడా. నాన్నకి తెలీదులే. నువ్వు పక్కనే ఉన్నావు గదా, నీకూ తెలీలేదా?"

తెలియలేదంటే సరిపోయేది. నా చెవి మీద ఆ అబద్ధం చెప్పలేకపోయాను.

"తెలిసినాది" అన్నాను.

పింకీ నా చేతిలోని మెట్టు వైపు చూసి వెళ్లిపోయింది. లక్ష్మణరావుని ఇప్పటికీ తిడుతూనే ఉన్నాను. పింకీ ఊళ్లో ఉంటే మాత్రం ఆ కొట్టు ముందు నుంచి వెళ్లను.