సంచిలో పెట్టిన చీటీ

నాకు అక్షరం ముక్క రాదని చీటీలు అచ్చు వేయించి, ఆ కట్టను నా చేతికే ఇచ్చి, సంచికొకటి చొప్పున లోపల పెట్టమన్నారు. పెట్టాను కూడా. రెండు మూటల సంచులయ్యాక కళ్లద్దాలు తగిలించుకొని ఒక చీటీ చదివాను. "ఈ సంచి కుట్టింది చదువు రాని ఒక వృద్ధ హమాలీ. వేలిముద్ర తప్ప తెలియని ఈయన మా దగ్గరే తొలిసారి అక్షరాలు దిద్దాడు" అని ఉంది.

నేను బడికి పోలేదు, అది నిజం. చిన్నప్పుడే నాయిన వెంట కేసముద్రం మార్కెట్‌కు బస్తాలు మోయడానికి పోయాను. బస్తాల మీద సిరాతో ఊళ్ల పేర్లు వేసి ఉండేవి. ఏ బండి ఏ ఊరిదో నాకు ముందే తెలుసు కాబట్టి, గూడూరు బండి మీది బస్తాలు చూసి గ, డ, ర పట్టుకున్నాను. మిగతావి మిగతా ఊళ్లు నేర్పాయి. తర్వాత మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితాలు, ఆ తర్వాత హోటల్లో పేపరు, ఆ తర్వాత పుస్తకాలు. ఎవడూ నేర్పలేదు. ఆ గర్వం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అందుకే ఆ చీటీ చదవగానే నాకు ఒళ్లు మండింది.

చీటీ రాసినవాళ్లు చెడ్డవాళ్లయితే తిట్టి ఊరుకునేవాణ్ని, ఇన్నేళ్ల తర్వాత కూర్చొని రాసేవాణ్ని కాదు. మహబూబాబాద్‌ను మేము మానుకోట అంటాం. ఆ మానుకోటలో డిగ్రీ చదివే పిల్లలు వాళ్లు. తెలంగాణ కోసం సమ్మె నడిచి కాలేజీలు మూతబడితే, ఊరికే కూర్చోవడం ఎందుకని ఒక సంఘం పెట్టుకున్నారు. మార్కెట్లో పాత గోనె సంచులు అడిగి తెచ్చి, ఉతికి, భుజాన వేసుకునే సంచులు కుట్టించి ఉద్యమ శిబిరాల దగ్గర అమ్మాలి. కుట్టినవాళ్లకు కూలి పోగా మిగిలినదాంతో తండా పిల్లలకు పలకలు, పుస్తకాలు కొనాలి. సేవా, బేరమూ రెండూ కలిసిన ఆలోచన. నాకు నచ్చింది.

స్టేషన్ వెనక ఒక సావుకారి తన ఖాళీ గోదాము ఇచ్చాడు. నడుము పోయి బస్తా మోయడం మానేసిన నన్ను, దబ్బనం పట్టడం వచ్చని పిలిచారు. బస్తాల మూతులు కుట్టే పెద్ద సూది అది. గూడూరు దిక్కు తండా నుంచి ఒక లంబాడీ ఆమె కూడా వచ్చేది. ఆమె చేతి కుట్టు ముందు నాది బండ కుట్టు.

సంఘానికి పెద్ద ఒక పిల్లగాడు. మీసం ఇంకా సరిగ్గా రాలేదు గాని మైకు పట్టుకుంటే మానుకోట చౌరస్తా నిలబడి వినేది. మొదటి రోజే దబ్బనం వాడి వేలిలో దిగింది.

"అబ్బా! గిది సూదా, గడ్డపారనా తాతా?"

"గడ్డపారనే బిడ్డా. డిగ్రీ సదివెటోళ్లకు సూదిలెక్కనే కనవడ్తది."

లంబాడీ ఆమె నవ్వి, వాడి వేలికి తన పాత చీర పేలిక చింపి కట్టింది. మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టె తలా ఒక ముక్క, పిల్లల టిఫిన్ డబ్బాల్లోని పులిహోర మాకు. అట్లా నడిచింది.

చదువు రాదని వాళ్లు అనుకోవడంలో నా తప్పు కూడా ఉంది, దాచను. మొదటి రోజు పేర్లు రాసుకుంటూ పిల్లగాడు సిరా డబ్బా నా ముందుకు జరిపాడు. నేను అలవాటుగా వేలు ముంచాను. మా హమాలీ ముఠాలో అందరూ వేలిముద్రే వేయాలన్నది కట్టుబాటు. సంతకం వచ్చినవాణ్ని సావుకార్లు సాక్షికి పిలుచుకుంటారు, నాలుగు రోజులకు వాడు వాళ్ల మనిషైపోతాడు. అందుకని నలభై ఏళ్లు చదువు జేబులో పెట్టుకొని వేలు చూపించినవాణ్ని.

ఇంకొకటి కూడా ఉంది. పని అయ్యాక సంఘంలోని ఒక ఆడపిల్ల, తెలుగు బాగా రాసే పిల్ల, మాకు అక్షరాలు నేర్పుతానని కూర్చునేది. నా వేలు పట్టుకొని పలక మీద 'అ' దిద్దించింది. నాకు వచ్చని చెప్పేయాల్సింది. జీవితంలో మొదటిసారి ఒకరు నా వేలు పట్టుకొని అక్షరం దిద్దిస్తుంటే వద్దనబుద్ధి కాలేదు. 'ఆ' కూడా దిద్దాను. "మస్తు తొందరగ వస్తుంది తాతా నీకు!" అని ఆ పిల్ల మురిసిపోయింది.

చీటీల ఆలోచన జనగామలో పుట్టింది. అక్కడి శిబిరం దగ్గర మొదటి విడత సంచులు పెట్టారు, చూసినవాళ్లే గాని కొన్నవాళ్లు తక్కువ. పట్నం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, "సంచి వెనక మనిషి కథ చెప్పండి, అప్పుడు కొంటారు" అన్నాడట. రెండో విడత భూపాలపల్లికి, బొగ్గు గని కార్మికుల క్వార్టర్ల దగ్గరి శిబిరానికి. దానికి చీటీలు తయారయ్యాయి. మరునాడు పొద్దున జీపులో మూటలు పోవాలి.

నా చీటీ చదివి పళ్లు కొరుకుతూ లంబాడీ ఆమె ముందున్న కట్ట అందుకున్నాను. "భర్త మరో స్త్రీతో వెళ్లిపోగా, కూతురి చదువు కోసం సూది పట్టిన ఒక గిరిజన తల్లి కుట్టిన సంచి ఇది." నా కోపం అక్కడే ఆగిపోయి, భయం పట్టుకుంది. ఆమె కూతురు భూపాలపల్లిలోనే ఇంటర్ చదువుతున్నది, కాలేజీ మూసినా హాస్టల్లోనే ఉన్నది.

ఆమెకు చదివి వినిపించాను. దబ్బనం కింద పెట్టింది.

"నీకు సదువొచ్చా అన్నా?"

"వచ్చు చెల్లె."

"మరి గా పిల్ల దగ్గర అ ఆ లెందుకు దిద్దినవు?"

 జవాబు కోసం ఆమె ఆగలేదు. "నాయిన బొంబాయిల పనికి పోయిండని నా బిడ్డ హాస్టల్ల అందరికి చెప్పుకున్నది. దాని దోస్తుల నాయినలే కూసుంటరు గా టెంటుల. ఈ కాయితం పోయిందంటే అది పుస్తకాలు గోడకేసి కొట్టి తండాకొస్తదన్నా. మళ్ల పోదు."

నోటితో చెబితే కోపంలో తప్పు మాట దొర్లుతుందని, మా ఇద్దరి చీటీలూ ఎందుకు పోకూడదో నా చీటీ వెనకే నాలుగు వాక్యాల్లో రాసి పిల్లగాడికి ఇచ్చాను. వాడు చదివాడు.

"మంచిగ రాసిండ్రు. ఎవరు రాసిచ్చిండ్రు తాతా?"

"నేనే."

"మజాక్ చెయ్యకు."

చీటీ లాక్కొని ముందు వైపు, వెనక వైపు గడగడా చదివాను. గోదాములో అందరూ చేతులు ఆపేశారు. అక్షరాలు దిద్దించిన పిల్ల ముఖం చిన్నబోయింది. చీటీలు రాసింది ఆ పిల్లే.

పిల్లగాడు తేరుకొని, "నీదంటే తప్పే తాతా, మాఫ్ చెయ్యి. అక్కది మాత్రం నిజమే గదా? అక్కనే చెప్పింది. కథ లేకుంటే సంచి పోదు, సంచి పోకుంటే పలకలు రావు" అన్నాడు.

"సినిమాలల్ల మన మాటను ఎక్కిరిస్తే మైకు పట్టుకొని ఒర్లేది నువ్వే గదరా? మనను అడగకుండ మన బొమ్మ గీసిండ్రు అని. మరి నువ్వెవని అడిగినవ్?"

వాడు ఏదో అనబోయాడు. లంబాడీ ఆమె వాడి వైపు చూడనే లేదు, ఆ పిల్లను చూసి మెల్లగా అంది: "నీకు జెప్పిన బిడ్డా. సంచికి జెప్పలె."

ఆ పిల్ల లేచి మూటలు విప్పింది. ఒక్కో సంచి బోర్లించి చీటీ తీసింది. పిల్లగాడు కాసేపు నిలబడి, తర్వాత తనూ కూర్చున్నాడు. చీకటి పడేలోగా అన్నీ బయటికొచ్చాయి. సంచులు ఉత్తవే భూపాలపల్లికి పోయాయి. కొన్ని అమ్ముడయ్యాయి, కొన్ని తిరిగొచ్చాయి. ఆ సంవత్సరం పలకలు తక్కువే వచ్చాయి. లంబాడీ ఆమె బిడ్డ మాత్రం హాస్టల్లోనే ఉండి పరీక్షలు రాసింది.

నేను దీని గురించి చాలా ఆలోచించాను. నా చీటీ అబద్ధం, కాని దానివల్ల పోయింది నా గర్వం ఒక్కటే. ఆమెది నిజం, అదే ఒక పిల్ల చదువు తీసేసేది. కాబట్టి నిజమా అబద్ధమా అన్నది కాదు లెక్క. మంచిపనికే కదా అని ఎదుటివాడి బతుకును అడగకుండా తీసుకోవచ్చు అనుకోవడం తప్పు. సావుకారి తీసుకుంటే తిరగబడేవాళ్లం. ఆ పిల్లలు రొట్టె పంచుకొని తిన్నారు, వేలు పట్టుకొని దిద్దించారు. అట్లాంటివాళ్లు చేస్తే తిరగబడటం ఎంత కష్టమో నాకే తెలుసు.

ఆ సాయంత్రం చీటీలు తీస్తున్న పిల్లను ఒకటే అడిగాను, "మీ అమ్మ గురించైతే గిట్ల రాస్తుంటివా?" అని. ఆ పిల్ల తల వంచి ఇంకో సంచి బోర్లించింది. తర్వాత రోజూ వచ్చింది, సుతిలి దారం అందించింది, మంచినీళ్లు ఇచ్చింది, నా ముఖంలోకి మాత్రం చూడలేదు. నాకే జాలేసి, ఎందుకడిగానా అనుకున్నాను.

సమ్మె అయిపోయి కాలేజీలు తెరిచారు. గోదాము తాళం సావుకారికి ఇచ్చే రోజు, అందరూ బయట ఆటో ఎక్కుతుంటే, ఆ పిల్ల వెనక్కి వచ్చి నా పక్కన గోనెల మీద కూర్చుంది.

"అమ్మ గురించైతే రాయకపోతుంటి తాతా," అంది. "మా అమ్మకు సదువొస్తది."