గొలుసు బిగించినవాళ్లకు

మా మేడం పోయారు. అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో మేమంతా వెళ్లే తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో ఆ వార్త "ప్రభువునందు నిద్రించారు" అని వచ్చింది. ఆఫీసు పార్కింగులో, కార్లో కూర్చుని చదివాను. ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. పట్టపగలు కునుకు కూడా తీయని మనిషి ఆవిడ. కింద వరసగా వచ్చిన సంతాపాలన్నీ ఆవిడ చేపల పులుసు గురించే. తలా ఒక వంట తెచ్చుకునే చర్చి పాట్‌లక్‌కి ఎంత పెద్ద గిన్నె తెచ్చేవారో, ఎంత ఓపికగా వడ్డించేవారో రాశారు. ఆ పులుసు నేనూ తిన్నాను, బ్రహ్మాండంగా ఉండేది. కానీ కాకినాడలో ఏళ్ల తరబడి ఆడపిల్లలకి ఇంజన్ల పాఠం చెప్పిన మనిషని ఒక్కరికీ గుర్తు రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పాలిటెక్నిక్‌లో నేను ఆవిడ స్టూడెంట్‌ని. చాలా ఏళ్ల తర్వాత ఉద్యోగం మారి క్యారీ వచ్చినప్పుడు చర్చిలో ముందు బెంచీలో కనిపించారు. రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చేశారట. కుశల ప్రశ్నలు పూర్తికాకుండానే, చుట్టుపక్కల పాత ఇంజన్లు చూపించే చోటు ఏదైనా ఉందా అని అడిగారు. ఊరికి దూరంగా ఒక చిన్న రైలు మ్యూజియం ఉంది. ఆ శనివారమే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. ఇద్దరం వాలంటీర్లుగా చేరాం. అక్కడివాళ్లు ఆవిడ చీర చూశారో, నెరిసిన జుట్టు చూశారో, ఆవిణ్ణి టీషర్టులు అమ్మే కౌంటరులో కూర్చోబెట్టారు. మేడం కాసేపు కూర్చున్నారు. తర్వాత లేచి, ఎవరినీ అడక్కుండా వెనక షెడ్డులోకి నడిచారు.

అక్కడ ఒక జర్మన్ డీజిల్ రైలింజన్ ఉండేది. పాత ఇంజన్లు సేకరించే ఒకాయన ఎప్పుడో ఓడలో తెప్పించుకుంటే, ఆయన పోయాక పిల్లలు దాన్ని మ్యూజియానికి ఇచ్చేశారు. రెండే ఇరుసులు, పొట్టి క్యాబిన్. అక్కడివాళ్లు దాన్ని బొమ్మ రైలు అనేవారు. ఆ మాట వింటే మేడానికి ఒళ్లు మండేది.

పందొమ్మిది వందల ముప్పైలలో జర్మనీలో చిన్న స్టేషన్ల కోసం ఇలాంటివి చేశారని ఆవిడే చెప్పారు. అంతకుముందు గూడ్సు బండి ప్రతి చిన్న స్టేషన్లోనూ ఆగేది. తన పెద్ద ఆవిరి ఇంజన్‌ని విప్పుకుని, ఒక వ్యాగన్ అటు తోసి, ఇంకోటి ఇటు లాగి, మళ్లీ తగిలించుకునేది. అంతసేపూ బండంతా పడిగాపులు పడాల్సిందే. ఈ చిన్నది వచ్చాక ఆ చాకిరీ అంతా దీని నెత్తిన పడింది. నీళ్లు మరిగేదాకా ఆగక్కర్లేదు, బొగ్గు వేసే మనిషి అక్కర్లేదు, స్టేషన్లో పనిచేసేవాడికే కాస్త నేర్పిస్తే నడిపేసేవాడు. రిపేరుకి వస్తే వ్యాగన్ మీదికి ఎక్కించి వర్క్‌షాపుకి పంపడానికే క్యాబిన్ అంత పొట్టిగా కట్టారు. పొట్టిగా ఉన్నదల్లా బొమ్మేనా అని మేడం నిలదీసేవారు. ఆవిడా పొట్టే.

డీజిల్ ఇంజన్ ఆగి ఉన్నచోటు నుంచి బరువు లాగలేదు. క్లాసులో ఆవిడ దాన్ని ఒక్క ముక్కలో చెప్పేవారు, "ముందు తిరగనివ్వాలి, తర్వాతే లాగమనాలి." అందుకే దీని లోపలి ఇంజన్‌కీ గేర్లకీ మధ్య నూనె పెట్టారు. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లలాంటివి ఉంటాయి. ఇంజన్ ఒకదాన్ని తిప్పితే, అది విసిరే నూనె రెండోదాన్ని మెల్లగా తిప్పుతుంది. చర్చికి వచ్చే, ఎఫ్-వన్ వీసా మీద చదువుకోవడానికి వచ్చిన పిల్లల విషయంలోనూ మేడం పద్ధతి ఇదే. జాబ్ ఎప్పుడొస్తుందని ఒకమ్మాయిని వాళ్ల నాన్న రోజూ ఫోన్లో పోరుతుంటే, ఆ ఫోన్ చేతిలోంచి తీసుకుని, "ఇప్పుడే స్టార్టయిందండీ మీ పిల్ల. అప్పుడే బరువు తగిలిస్తే ఆగిపోద్ది," అన్నారు. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదట.

గేర్‌బాక్స్ నుంచి ఇరుసులకి శక్తి వెళ్లేది గొలుసులతో, సైకిలుకి ఉన్నట్టే. ఇరుసులు స్ప్రింగుల మీద పైకీ కిందికీ ఆడతాయి కాబట్టి గొలుసు కొంచెం వేలాడుతూ ఉండాలి. తెలియనివాళ్లకి అది పాడైనట్టు కనిపిస్తుంది. కొత్త వాలంటీరు ఎవరొచ్చినా పానా పట్టుకుని తిన్నగా దాని దగ్గరికే వెళ్లేవాడు. మేడం అడ్డం నిలబడేవారు. "అది వదులు కాదమ్మాయ్, ఊపిరాడ్డానికి చోటు," అని నాతో అనేవారు. వాళ్లకి ఇంగ్లీషులో ఇంకా ఘాటుగా చెప్పేవారు. ట్రాక్టర్లు బాగుచేసి రిటైరైన ఒక అమెరికన్ పెద్దాయన్ని తోడు తెచ్చుకుని, తుప్పు పట్టి మూలన పడున్న ఆ ఇంజన్‌ని నడిచేలా చేశారు. నడపడం నాకూ నేర్పారు.

ఆవిణ్ణి సమాధి చేసి వారం తిరగలేదు, మ్యూజియంవాళ్లు క్రిస్మస్ రైడ్ల కోసం ఇంజన్‌ని ముస్తాబు చేశారు. రంగేశారు, లైట్లు కట్టారు. గొలుసు వేలాడుతుంటే ఫొటోల్లో బాగాలేదని బిగించేశారు. మొదటి రైడులోనే అది తెగింది. నేను వెళ్లేసరికి క్యాబిన్ పక్కన ఒక బోర్డు బిగించి ఉంది. వయోభారం వల్ల ఈ ఇంజన్ విశ్రాంతి తీసుకుంటోందట. చర్చిలో నిద్ర, ఇక్కడ విశ్రాంతి. మన తప్పు ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఎంత మెత్తటి మాటలు దొరుకుతాయో చూడండి.

మ్యూజియం డైరెక్టరు గారిని అడిగాను. సేఫ్టీ కోసం బిగించామన్నారు. లోపలి ఇంజన్, గేర్‌బాక్స్ పీకేసి, సీట్లు వేసి, పుట్టినరోజు ఫొటోలకి అద్దెకిస్తారట. దాని సంగతి తెలిసినావిడ పోయారు కదా, ఇక చేసేదేముందని కూడా అన్నారు.

"ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లం పోలేదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వసంతంలో మ్యూజియం తెరిచేదాకా గడువిచ్చారు. ఆలోగా నడవకపోతే పీకేస్తారు. మేం చేయలేమన్న ధీమాతోనే ఇచ్చారని నాకు తెలుసు. చలికాలమంతా ఆ పెద్దాయనా నేనూ షెడ్డులోనే ఉన్నాం. తెగిన గొలుసు దెబ్బకి ఇరుసు మీది పళ్లచక్రం కూడా విరిగింది, దాన్నీ మార్చాం. కొత్త గొలుసు వేశాక, దానికి ఉండాల్సిన చోటు ఉంచామా లేదా అని ఆయన నాలుగుసార్లు వంగి చూశాడు. మేడం తిడతారని భయం అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం, తర్వాత ఇద్దరం ఏడ్చాం.

తెరిచిన రోజు ఇంజన్ ఒక్క పిలుపుకే పలికింది. ఖాళీ వ్యాగన్‌తో షెడ్డు చివరిదాకా వెళ్లి వచ్చాం. డైరెక్టరు గారి మొహం వెలిగిపోయింది. పిల్లల్ని ఎక్కించి, ఇక బయల్దేరమని చెయ్యూపారు. ఆ బోర్డు మాత్రం క్యాబిన్ పక్కన అలాగే ఉంది. అది తీస్తేనే కదుల్తానన్నాను. రైడ్ అయ్యాక చూద్దామన్నారు. ఈ ఇంజన్‌కి బ్రేకు కాలితో తొక్కేదే, మనిషి బరువంతా వేసి నిలబడాలి. పెడల్ మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాను.

ఇంజన్ తిరుగుతూనే ఉంది. వెనక పిల్లలు ఎప్పుడు బయల్దేరతామని అరుస్తున్నారు. డైరెక్టరు గారు ఎవరి దగ్గరో స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చుకుని, ఇస్త్రీ ప్యాంటుతో కంకర మీద మోకాళ్లూని, ఒక్కొక్క స్క్రూ విప్పుతున్నారు.