చర్మం రంగు గ్లౌజు

మా ఆయన జీవితంలో బేస్‌బాల్ ఆడలేదు. ఇప్పటి ఆట టీవీలో వచ్చినా చూడరు. ఈ మాట ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది, ఎందుకంటే ఎవరికి చెప్పినా మొదట అడిగేది అదే. ఆయనకి కావలసింది పంతొమ్మిదో శతాబ్దం వాళ్ళు. అమెరికాలో జీతం తీసుకుని ఆ ఆట ఆడటం మొదలుపెట్టిన తొలితరం వాళ్ళు. మీసాలు మెలేసుకుని, ఉత్త చేతుల్తో బంతి పట్టినవాళ్ళు. వాళ్ళ గురించి నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్తారు.

ఈ పిచ్చి ఆయనకి ఇక్కడే, ఐర్లండ్‌లోని ఈ కిల్కెన్నీలోనే పట్టుకుంది. ఇక్కడి ఆసుపత్రిలో నాకు ఉద్యోగం వచ్చిందని విజయవాడలో ఉన్న మంచి ఉద్యోగం వదిలేసి నా వెనకాల వచ్చారు. నేను ఎముకల డాక్టర్ని. పొద్దున్నే నేను ఆసుపత్రికి పోతే ఆయన పాపని బడిలో దింపి, ఖాళీ ఇంట్లో కూర్చోలేక లైబ్రరీకి పోయేవారు. ఎన్ని అప్లికేషన్లు పెట్టినా ఒక్కళ్ళూ పిలవని రోజులవి. అక్కడ ఈ ఊరి చరిత్ర పుస్తకాల మధ్య, కరువు రోజుల్లో ఓడలెక్కి అమెరికా పోయిన వాళ్ళ మీద రాసినది ఒకటి దొరికిందట. అలా పోయినవాళ్ళ పిల్లలు చాలామంది అక్కడ బంతాట వాళ్ళయ్యారని అందులో ఉంది. అంతే, అందులో పడిపోయారు.

సాయంత్రం పప్పులో తిరగమోత వేస్తూ మొదలుపెట్టేవారు. "తెలుసా, అప్పట్లో బ్యాట్ పట్టుకున్నవాడు నాకు ఎత్తుగా వెయ్యి, నాకు కిందగా వెయ్యి అని అడిగి మరీ వేయించుకునేవాడట."

"అడిగి వేయించుకోడానికి అదేమన్నా టిఫిన్ సెంటరా అండీ?" అనేదాన్ని నేను. నవ్వేవారు. ఆ రోజుల్లో ఆయన నవ్వే సందర్భాలు తక్కువ, అందుకని నేను ఇంకో రెండు అడిగేదాన్ని. తర్వాత ఆయనకి డబ్లిన్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది, ఇంట్లో మేడమీద గదిలోంచే చేసుకుంటున్నారు. ఉద్యోగం వచ్చినా ఆటగాళ్ళు మాత్రం పోలేదు.

మన తెలుగువాళ్ళు కలిసినప్పుడు మగవాళ్ళంతా ఇళ్ళ రేట్లూ, వీసా స్టాంపులూ మాట్లాడుకుంటుంటే ఈయన మధ్యలో ఓ ఆటగాడి సంగతి ఎత్తేవారు. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ముసిముసిగా నవ్వుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. ఒకసారి ఓ పెద్దమనిషి చికెన్ ముక్క కొరుకుతూ, "బ్రదర్, వీటివల్ల ఉపయోగం ఏంటి?" అన్నాడు. "మీరు భోంచేస్తూ కూడా చూసుకుంటున్నారే ఆ షేర్ల యాప్, దానివల్ల ఎంతుందో అంతేనండి" అన్నాను నేను. కారెక్కాక మా ఆయన నన్నే కేకలేశారు, నీకెందుకు ఆ గొడవ అని. నాకు కాకపోతే ఎవరికి?

ఇక మా అమ్మాయి. దానికి పదమూడేళ్ళు. మనం తెలుగులో అడిగితే ఈ ఊరి యాసలో ఇంగ్లిష్‌లో జవాబు చెప్తుంది. ఇక్కడ మగపిల్లలు కర్రతో గట్టి చిన్న బంతిని కొట్టే హర్లింగ్ ఆడతారు, అదే ఆట ఆడపిల్లలు ఆడితే కమోగీ అంటారు. పోయినేడు దాన్ని ఊరి క్లబ్బు జట్టులోకి తీసుకున్నారు. ఆ జట్టులో మన రంగు పిల్ల అదొక్కతే. జెర్సీ వేసుకుని అద్దం ముందు నిలబడ్డ రోజున దాని మొహం చూసి నా కడుపు నిండిపోయింది.

ఆ క్లబ్బు వాళ్ళే బట్టలు మార్చుకునే గదులు కొత్తగా కట్టడానికి టేబుల్ క్విజ్ పెట్టారు. అంటే ఓ హాల్లో టేబుల్‌కి నలుగురు చొప్పున కూర్చుంటారు, మైకులో ప్రశ్నలు అడుగుతారు, కాగితం మీద జవాబులు రాసి ఇవ్వాలి. ఈ దేశంలో ఏ మంచి పనికి చందా కావాలన్నా ముందు ఇదే పెడతారు. మా పక్కింటావిడ రిటైరైన టీచరు, క్లబ్బు కమిటీలో ఉంది. మా ఆయన కంచె మీదుగా ఆవిడకి ఆ ఆటగాళ్ళ కబుర్లు చాలానే చెప్పినట్టున్నారు. "ఒక రౌండు నువ్వు చెయ్యి, వాళ్ళ మీదే చెయ్యి" అంది. ఈయన మొహం వెలిగిపోయింది.

విషయం తెలిసి మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి తలుపు వేసింది. "అమ్మా, ప్లీజ్, వద్దని చెప్పు. అక్కడ ఎవ్వరికీ అవి తెలీవు. అందరూ నవ్వుతారు. మా టీమ్ అంతా అక్కడే ఉంటుంది."

దాన్ని గట్టిగా తిట్టాను. తండ్రి అనే గౌరవం లేదా, నీ కర్రా నీ హెల్మెటూ మోసుకుంటూ వానలో గట్టున నిలబడేది ఎవరు అని ఏకరువు పెట్టాను. అది కళ్ళనీళ్ళు పెట్టుకుని పైకి పోయింది. కానీ నిజం చెప్పొద్దూ, నా భయమూ అదే. తెలుగువాళ్ళు నవ్వితే నేను తిరిగి రెండు అనగలను. హాలు నిండా ఈ ఊరివాళ్ళు నవ్వితే ఏమనగలను? అదీ కూతురి కళ్ళముందు. ఒక్కసారి తండ్రిని చూసి సిగ్గుపడి తలదించుకుంటే ఈ పిల్ల మళ్ళీ ఆయన పక్కన తలెత్తుకు నడుస్తుందా అని నా బెంగ.

ఆ శనివారం సాయంత్రం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కాగితాల కట్టతో తయారయ్యారు. ప్రశ్నలేంటో నాకు కూడా చూపించలేదు. పేపర్ లీకవుతుందట.

హాలు కిటకిటలాడుతోంది. మా అమ్మాయి తన జట్టు పిల్లలు ముగ్గురితో దూరంగా కూర్చుంది, అందరూ క్లబ్బు ఎర్ర జెర్సీల్లో. సినిమాల రౌండు, పాటల రౌండు అయ్యాయి, అందరూ కేరింతలు. తర్వాత మైకు మా ఆయన చేతికొచ్చింది. ఆయన టేబుల్ టేబుల్‌కీ కాగితాలు పంచి, గొంతు సవరించుకుని చెప్పిన మొదటి మాట విని నాకు తల కొట్టేసినట్టయింది.

ప్రతి ప్రశ్నకీ ఎ, బి, సి, డి. రైటైతే ఒక మార్కు. తప్పైతే మైనస్ ఒకటి.

ఇంటర్‌లో రెండేళ్ళు కోచింగ్ హాస్టల్లో మగ్గిన మనిషి. క్విజ్ పెట్టమంటే ఎంట్రన్స్ పరీక్ష పెట్టాడు మహానుభావుడు. చేతిలో గ్లాసులు పట్టుకుని సరదాగా వచ్చిన జనం బిత్తరపోయారు. క్విజ్ నడిపిస్తున్న కమిటీ పెద్దాయన, "చందా ఇచ్చిన వాళ్ళకి మైనస్ మార్కులా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. అది వేళాకోళమని మా ఆయనకి తట్టలేదు. "గుడ్డిగా రాసేవాళ్ళకీ తెలిసి రాసేవాళ్ళకీ తేడా ఉండాలి కదండీ" అని చాలా సీరియస్‌గా వివరించారు. మా అమ్మాయి తల టేబుల్ మీదికి వంగిపోయింది. దాని మొహం నాకు కనిపించలేదు, జడ మాత్రం కనిపించింది.

మొదటి ప్రశ్న, తొలి రోజుల్లో బంతి ఎలా విసరాలి? చెయ్యి భుజం పైకి లేపకుండా కిందనించి. ఎక్కువమంది తప్పు రాశారు. రెండోది, ఒకప్పుడు ఎన్ని చెడ్డ బంతులు పడితే బ్యాటరు ఊరికే మొదటి బేస్‌కి నడిచిపోవచ్చు? తొమ్మిది. అదీ తప్పే. మూడోది, గీత బయటికి పోయిన బంతి ఒకసారి నేలకి తగిలి లేచాక పట్టుకుంటే ఔటా కాదా? ఔటే. "మా వీధిలో కూడా వన్ పిచ్ క్యాచ్ ఔటే, మేము వాళ్ళని చూసి నేర్చుకోలేదు" అన్నారు మా ఆయన. ఒకళ్ళిద్దరు నవ్వారు. మూడు ప్రశ్నలయ్యేసరికి హర్లింగ్ కోచ్ కూర్చున్న టేబులే మైనస్ మూడులో ఉంది. గుసగుసలు, కుర్చీల చప్పుళ్ళు. కొందరు లేచి బార్ వైపు నడిచారు.

నాలుగో ప్రశ్న, బ్యాటరు వెనకాల నిలబడి ఉత్త చేతుల్తో బంతి పట్టేవాడు ఆట మానేసిన తర్వాత అతన్ని దేన్ని చూసి గుర్తుపట్టేవారు?

గోడవారన కూర్చున్న ఓ ముసలాయన కాగితం మీద ఏమీ రాయలేదు. కుడిచెయ్యి పైకెత్తి, వేళ్ళు విప్పి చూపించాడు. చూపుడువేలు ఒకవైపు, ఉంగరం వేలు ఇంకోవైపు తిరిగి ఉన్నాయి. "దీన్ని చూసా?" అన్నాడు.

మా ఆయన మైకు టేబుల్ మీద పెట్టేసి, హాలు దాటి ఆయన దగ్గరికి వెళ్ళారు. ఆ చెయ్యిని రెండు చేతుల్లోకీ తీసుకుని వేలు వేలూ చూశారు. "ఇలాగే ఉండేవి. పాత ఫొటోల్లో చూశాను. అచ్చం ఇలాగే" అన్నారు.

పక్క టేబుల్లో ఇంకొకాయన చెయ్యెత్తాడు. బార్ దగ్గరికి పోయినవాళ్ళలో ఒకడు అక్కణ్ణించే ఎత్తాడు. చూస్తుండగా హాలంతా వంకర వేళ్ళే. ఇది కిల్కెన్నీ, ఇక్కడ హర్లింగ్ ఆడనివాళ్ళు తక్కువ, విరగని వేళ్ళు ఇంకా తక్కువ. అందులో కొన్ని నేను కట్టుకట్టినవే. "మీ ఊళ్ళ నించి ఓడెక్కి పోయినవాళ్ళ పిల్లలే వాళ్ళలో చాలామంది" అన్నారు మా ఆయన, మైకు లేకుండానే. "కర్ర పట్టుకోవడం, గట్టి బంతికి భయపడకపోవడం ఇళ్ళలోనే నేర్చుకుని ఉంటారు. ఇది పుస్తకంలో లేదు, నేననుకుంటున్నది." ఎవరూ నవ్వలేదు. బార్ దగ్గరున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని వెనక్కొచ్చి కూర్చున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అయిదు, ఆరు, ఏడు ప్రశ్నలు గబగబా అయిపోయాయి. జనం మైనస్ మార్కులకి కూడా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. అప్పుడు వంటగదిలోంచి సాసేజీల పళ్ళేలు వచ్చాయి. కమిటీ పెద్దాయన మైకు తీసుకుని, "చాలా బాగుంది, గ్రాండ్, ఇంకా లాటరీ చీటీలు తియ్యాలి, ఇక్కడితో ఆపేద్దామా మరి?" అన్నాడు. ఆయన మంచివాడే, పాపం ఆయన తొందర ఆయనది.

మా ఆయన వెంటనే కాగితాలు మడిచేశారు. "గ్రాండ్, గ్రాండ్, ఫర్వాలేదు" అన్నారు. ఈ దేశం వచ్చినప్పట్నించీ ఎవరు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగిపోవడం ఆయనకి అలవాటైపోయింది. ఇక ఊరుకునేది లేదని నేను నోరు తెరవబోయాను. ఈలోగా అవతల కుర్చీ కిర్రుమంది.

మా అమ్మాయి లేచి నిలబడింది.

"సారీ, ఆయనవి ఇంకా మూడున్నాయి" అంది ఇంగ్లిష్‌లో.

"సాసేజీలు చల్లారిపోతాయమ్మా" అన్నాడు పెద్దాయన నవ్వుతూ.

"చల్లారనీండి. మా నాన్న ఇంకా అయిపోలేదు."

ఆ గొంతు నాకు తెలుసు. అది నా గొంతే, ఈ ఊరి యాసలో. పెద్దాయన ఓ క్షణం దాన్ని చూసి, మైకు మళ్ళీ మా ఆయన చేతిలో పెట్టాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందంటే, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడ చెయ్యి పట్టుకుని, "నా కూతురు" అని చెప్పాను. ఆవిడ కూడా నా చెయ్యి నొక్కింది.

ఎనిమిదీ తొమ్మిదీ అడిగారు. ఇక పదోది. మొదట్లో చేతికి గ్లౌజు వేసుకుని ఆటకి దిగిన ఒకాయన, చర్మం రంగు గ్లౌజే ఎందుకు ఎంచుకున్నాడు? జవాబు ఎవరికీ తెలియలేదు. మా అమ్మాయి టేబుల్ వాళ్ళు 'ఎ' రాసి మైనస్ ఒకటి తెచ్చుకున్నారు.

"నలుగురికీ కనపడకూడదని" అన్నారు మా ఆయన. "చూస్తే నవ్వుతారని సిగ్గుపడ్డాడు. చూశారు, నవ్వారు కూడా. తర్వాత్తర్వాత అందరూ వేసుకున్నారు."

ఆయన మైకు కింద పెట్టి కాగితాలు సర్దుకునేదాకా మా అమ్మాయి కూర్చోలేదు. హాలంతా కూర్చుని ఉంటే అదొక్కతే, ఎర్ర జెర్సీలో, చేతులు కట్టుకుని, ఎవరు నవ్వుతారో నవ్వండి చూద్దాం అన్నట్టు ఒక్కో టేబుల్ వైపే చూస్తూ నిలబడి ఉంది.