ఒక్క కాగితం తెచ్చుకోవచ్చు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో పోతూ నేను ప్రశ్నపత్రాలు తయారుచేస్తుంటాను. డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగం నాది. కిటికీ పక్క సీటు దొరికిన రోజు పేపరు తేలిగ్గా వస్తుంది. నిలబడి పోయిన రోజు పిల్లల ఖర్మ.

ఒకసారి సెమిస్టరు పరీక్షల ముందు ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. లెక్క మొదలుపెడితే చక్కగా చేస్తుంది గానీ సూత్రం గుర్తుండదు. అప్పటికే రెండుసార్లు తప్పింది. "ఈసారి గూడా పోతే చదువు సాలించి గాజులంగట్లో కూచోమంటాండాడు మేడం, మా నాయన," అంది. ఆ పిల్ల చదువు ఆగిపోవడం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

అందుకని కాలేజీలో మేము పెట్టే ముందస్తు పరీక్షకు సూత్రాలు రాసుకున్న కాగితం ఒకటి తెచ్చుకోవచ్చని అందరికీ చెప్పాను. ప్రిన్సిపాల్ నవ్వారు. "సూసి రాసేదానికి పరీక్షెందుకు మేడం? ఇంటికాడే రాసుకోని రమ్మనండి." నాకు చుర్రుమంది. సూత్రం చేతిలో ఉన్నా బుర్ర పెట్టందే తెగని లెక్కలు ఏరి ఏరి ఇచ్చాను.

కానీ ఎవరి కాగితం వాళ్లే రాసుకోవాలని చెప్పడం మరిచాను. ఇంకేముంది, క్లాసులో ఫస్టొచ్చే అమ్మాయి కాగితం బస్టాండు పక్క జిరాక్సు అంగడికి పోయి, అందరి చేతుల్లోకీ వచ్చింది. అందులో ఒక సూత్రంలో మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ ఉంది. క్లాసు క్లాసంతా ఏకగ్రీవంగా ఒకే తప్పు చేసింది. దిద్దుతూ కడుపుబ్బ నవ్వాను. ప్రిన్సిపాల్ మొహం గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నాను.

ఒక్క పేపరులో మాత్రం ఆ లెక్క సరిగ్గా ఉంది. అది ఆ గాజులంగడి పిల్లది. కాగితం చూపించమన్నాను. అంచులదాకా కిక్కిరిసిన సొంత రాత.

"ఒక పేజీలో పట్టల్లని ఐదుసార్లు తిరగరాస్తి మేడం. ఆడ కూచున్నాక సూసే పనే పడలే," అంది.

అసలు పరీక్షలో కాగితం కుదరదు. అయినా ఆ పిల్ల ముందురోజు మళ్లీ ఒకటి రాసుకుని, హాలు గుమ్మం దగ్గర నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. మూడు గంటలూ నాకే చెమటలు పట్టాయి. పాసైంది. నాకు పట్టరాని సంతోషం. వాళ్ల నాయన చదువు మానమనే మాట మళ్లీ ఎత్తలేదు.

ఫలితాలొచ్చిన రోజు జూనియర్లు నన్ను చుట్టుముట్టి, ఆ అక్క కాగితం జిరాక్సుకు కావాలన్నారు. నేను సంచీలోంచి తీసీ తీయగానే, పక్కనే ఉన్న ఆ పిల్ల అందుకుని నాలుగు ముక్కలు చేసింది.

"ఇది నాకు పనికొచ్చింది రాసినందుకు," అంది. "మీరూ కూచోని రాసుకోండి, పోండి."