చిన్నాయన చేను పడిన పోస్టర్

ఇది ఒక మహాకావ్యం. ఇందులో రాయి ఉంది, రంగు ఉంది, సముద్రాలు దాటొచ్చిన కళ ఉంది, భూమి కోసం ఒక వీరుడి పోరాటం ఉంది. అని రాసుకుంటే బాగుంటుంది. జరిగింది మాత్రం ఒక కాయితం మీద బాల్ పెన్ను గీత పడటం.

నేను పాత లిథో పోస్టర్లు పోగేస్తాను. మ్యూజియం ఊహించుకోవద్దు, మూడున్నాయి. ఒకప్పుడు విదేశాల్లో ఆధునిక చిత్రకారుల ప్రదర్శనలకు పోస్టర్లు ఇట్లా వేసేవాళ్లు: నున్నటి రాతిపలక మీద జిడ్డు పెన్సిల్‌తో బొమ్మ గీసి, దాన్నుంచి కాయితానికి అచ్చు దించడం. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఇదంతా మా అమ్మకు భక్తిగా వివరించినాను.

"ఊరికే కాయితం ఇచ్చి పంపినారా? ఆ రాయన్నా ఇచ్చింటే గుడ్డలుతుక్కుంటాంటి గదప్పా" అంది.

మూడోది బెంగళూరులో పాత పుస్తకాల అంగట్లో దొరికింది. దాని మీద వరసలు వరసలుగా నీలం డబ్బాలు, మధ్యలో ఒక తెల్ల తునక, ఓ మూల ఎర్ర మరక. కింద మనకు చదవరాని భాషలో రెండు లైన్లు. చుట్ట విప్పి సాపు చేద్దామని మా ఊరు తిరుమణిలో ఇంటి వసారాలో పరిచి, నాలుగు మూలలా చెనక్కాయల డబ్బాలు పెట్టినాను.

అప్పుడే మా చిన్నాయన వచ్చినాడు. సోలార్ పార్కుకు అందరి భూములూ లీజుకు పోయినాయి, ఈయన చేను ఒక్కటీ ఎందుకో వదిలేసినారు. చుట్టూ ప్యానెళ్లు, మధ్యలో ఈయన చెనక్కాయ పైరు. ఆ పక్క అడవిపందులకు మిగిలిన హోటల్ అదొక్కటే. వచ్చే ఫేజులోనైనా తన చేను తీసుకుంటారా అని టీ తాగే ప్రతి మనిషినీ అడుగుతాడు.

పోస్టర్ చూసి నిలబడిపోయినాడు. పట్నంలో జనం అట్లా నిలబడితే రసానుభూతి అంటారు.

"సర్వే నక్షా వచ్చిందా? చెప్పనే లేదేమప్పా!"

"నక్షా కాదు చిన్నాయనా, బొమ్మ. ఫారిన్ పెయింటర్ గీసింది."

"ఫారిన్ కంపెనీనా! ఈ నీలంవి ప్యానెళ్లు. ఈ తెల్లది నా చేను. ఈ ఎర్రది ఏంది?"

"ఆయన మనసులో బాధ."

"కాదులే, సబ్‌స్టేషన్."

ఆ బొమ్మకు అంత నమ్మకంగా అర్థం చెప్పిన విమర్శకుడు ఇంకొకడు ఉండడు.

నేను మంచినీళ్లు తెచ్చేలోగా తెల్ల తునక చుట్టూ బాల్ పెన్నుతో గట్టు గీసి, లోపల సర్వే నంబరు వేసేసినాడు. బోరు ఉన్న చోట చుక్క కూడా పెట్టినాడు. పక్కన 'ఎండింది' అని రాసినాడు, నిజాయితీపరుడు.

"చిన్నాయనా, నిజంగానే బొమ్మ. ఇందులో నీ చేను లేదు."

ఆయన మెల్లగా పెన్ను మూత పెట్టినాడు. "అంటే ఈ తూరీ వదిలేసినారా?"

ఆ గొంతు విన్నాక కళాచరిత్ర బోధించే ధైర్యం ఎవరికుంటుంది? "నాగలమడికలో అర్జీలు రాసే ఆయన్ను అడుగుదాం పా" అన్నాను. లోకం చూసిన మనిషి కదా, ఆ చెడ్డ కబురేదో ఆయనే చెప్తాడని నా ఎత్తు.

బైకు మీద పోయినాం. పోస్టర్‌ను చిన్నాయన గదలాగా భుజాన పెట్టుకున్నాడు. అర్జీలాయన దాన్ని తలకిందులుగా పట్టుకుని, కళ్లజోడు పైకి తోసి, చాలాసేపు చూసినాడు. చిన్నాయన ఊపిరి బిగబట్టినాడు. నేనూ బిగబట్టినాను, వేరే కారణంతో.

"ఈ ఫేజు ఇంకా బయటికి రాలేదే. మీకు యాడ దొరికింది?" అన్నాడు అర్జీలాయన.

'ఇంకా' అనే ఒక్క మాటకు చిన్నాయన ముఖంలో కరెంటు వచ్చింది. మా పార్కు అంతా కలిసినా అంత వెలుగు ఇవ్వలేదు.

"అర్జీ రాస్తాలే. ఒరిజినల్ మాత్రం ఎవురికీ ఇవ్వొద్దండప్పా. జెరాక్స్ పెడదాం."

నా పోస్టర్‌ను ఒరిజినల్ అని ఒప్పుకున్న మొదటి మనిషి ఆయనే. అప్పటికే చిన్నాయన దాన్ని ఎత్తుకుని ఎదురుగా ఉన్న జెరాక్స్ అంగడికి దూకినాడు.

అక్కడి మిషన్‌లో ఏ3 కంటే పెద్ద కాయితం పట్టదు. నా పోస్టర్ అందులో పట్టాలంటే మడతన్నా పెట్టాలి, కత్తెరన్నా పెట్టాలి.