వేలిముద్రల కింద ఒక సంతకం

మా అత్త తన జన్మలో ఒక్కసారే నన్ను నలుగురిలో మెచ్చుకుంది. ఆ మెప్పే మా కొంప ముంచింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను.

నేను కాపురానికి వచ్చింది నిజాం రాజ్యం చివరి రోజుల్లో. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన ఆ నేలంతా అప్పుడు బండరాళ్లు, రాళ్ల సందుల్లో సీతాఫలం చెట్లు. మామ లేడు. ఇంటికి పెద్ద మా అత్తే. వానలు వెనకపట్టగానే కోకాపేట దిక్కు గుట్టలెక్కి, గళ్ల సందులు తెల్లబడి కన్ను తెరిచిన కాయలు చూసి తెంపి, ఆకులు పరిచిన గంపల్లో పేర్చి, మర్నాడు పొద్దుటి రైలుకు పట్నం తీసుకుపోయేది. సీతాఫలం ఆగే పండు కాదు. ఇవాళ కన్ను తెరిస్తే ఎల్లుండికల్లా వేలు దిగుతుంది. ఆ ఒక్క రైలు అందితేనే అది సరుకు. ఏడాది పొడుగునా మేము తినే జొన్నలు, కట్టే బట్ట, అన్నీ ఆ రెండు నెలల గంపల్లోంచి రావలసిందే.

స్టేషన్ అంటే ఓ పెంకుల గది, మట్టి అరుగు. మా ఊరి బాట తిన్నగా ఆ అరుగు మీదికే ఎక్కేది. ఇంట్లోంచి గంప ఎత్తుకుంటే రైలుపెట్టె తలుపు దాకా దించే పని లేదు.

ఆ స్టేషన్‌ను పెద్దది చేస్తారని, చుట్టూ గోదాములు, కొత్త బజారు, ఉద్యోగుల ఇళ్లు కడతారని చెబుతూ ఒకనాడు ఖాకీ నిక్కరు మనిషి ఒకాయన కొలతల గొలుసు, లావుపాటి పుస్తకం పట్టుకొని ఊళ్లోకి వచ్చాడు. మా ఇంటి అరుగు మీద కూర్చొని మర్యాదగానే అడిగాడు.

"ఈ బాటెంబడి రోజు ఎంతమంది రైలుకు పోతరమ్మా? ఎన్ని గంపలు ఎక్కిస్తరు?"

ఆ రోజుల్లో పుస్తకం పట్టుకొని వచ్చినవాడెవడూ మంచికి రాలేదు. సర్కారుకు లెవీ ధాన్యం కొలవమని ఒకడు, వెట్టికి మనుషులని ఒకడు. స్టేషన్ మాట సాకేనని, గంపలు లెక్కపెడుతున్నాడంటే పన్ను వేయడానికేనని ఊరంతా క్షణంలో తీర్మానించుకుంది. అందరికంటే ముందు తీర్మానించుకుంది మా అత్త.

"గంపలా? ఏడి గంపలు సాబ్? రైలు ఎట్లుంటదో మాకు తెల్వనే తెల్వది," అంది.

ఆ మాట అంటున్నప్పుడు తలుపు వెనక పదకొండు గంపలు నిండుగా ఉన్నాయి. వాటికి అడ్డంగా కొంగు పరుచుకొని నేను నిలబడ్డాను. ఇల్లంతా పండు వాసన.

"మరి గీ వాసన ఏంది?" అన్నాడాయన.

"దేవునికి పెట్టినం సాబ్."

ఆయన నావైపు తిరిగి, "నువ్వమ్మా? నువ్వు పోతవా రైల్ల?" అని అడిగాడు. పెళ్లి చీరతో, తలమీద అక్షింతలతో నేను ఆ ఊళ్లో దిగిందే ఆ రైల్లోంచి. అయినా కళ్లు పెద్దవి చేసి, "నేను ఇంతవరకు రైలునే సూడలే సాబ్," అన్నాను. నన్నెవరూ అలా అనమని చెప్పలేదు. ఆ సంగతే నాకు మరీ మంట.

ఆయన ఉర్దూలో ఏదో రాసుకొని, ఒక్కొక్కరి చేతా వేలిముద్ర వేయించుకున్నాడు. నా వంతు రాగానే మా అత్త సిరాడబ్బీ పక్కకు జరిపింది.

"మా కోడలికి ముద్రెందుకు సాబ్? ఆమె సంతకం జేస్తది. నాలుగు చదివింది," అంది, ఊరంతా వినేలా.

నా సంతకం అంతకుముందు ఎవరు అడిగారు గనక? ఇంటిపేరుతో సహా, గుండ్రంగా, ఒత్తులన్నీ ఎక్కడివక్కడ పెట్టి రాశాను. రాసింది ఎండేదాకా ఊదాను కూడా.

తర్వాత రాజ్యం మారింది. ఆ గొడవల్లో స్టేషన్ మాట అందరూ మరిచిపోయారు. మరుసటి సీతాఫలాల కాలానికి పని మొదలైంది. రాళ్లు పగలగొట్టారు, ఎత్తుగా కొత్త అరుగు కట్టారు. సంబరంగానే చూశాం. ఒక పొద్దున గంపలతో పోయేసరికి మా బాట చివర పాత పట్టాల ముక్కలు పాతి, వాటికి వరసగా ముళ్లతీగ బిగించి ఉంది. కొత్త దారి అవతలి వైపు, ఉద్యోగుల ఇళ్ల ముందు నుంచి. అటు చేరాలంటే రైల్వే గేటు దాకా నడిచి, పట్టాలు దాటి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. మేము చుట్టు తిరిగి వచ్చేసరికి రైలు వెళ్లిపోయి దాని పొగే కనబడింది. ఆ తర్వాత మూడు రోజులు మా ఇంట్లో పొద్దున సీతాఫలం, మధ్యాహ్నం సీతాఫలం, రాత్రి సీతాఫలం. ఆఖరికి బర్రె కూడా మొహం తిప్పుకుంది.

రోజూ మమ్మల్ని చూసే స్టేషన్ మాస్టరైనా ఒక మాట చెప్పొచ్చు కదా అనుకున్నాం. ఆయనకు ఎప్పుడో బదిలీ అయిపోయింది. పని చేయించే ఓవర్సీరు కృష్ణా వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. ఆడవాళ్లమంతా ఆయన డేరా ముందు కూర్చున్నాం.

"అయ్యా, జర మా బాట మాకు ఇడువుండ్రి. ఒక్క మనిషి పట్టే సందు సాలు," అంది మా అత్త.

ఆయన మంచివాడే. మా గంపలు చూశాడు, మా అత్త మోకాళ్ల వాపు చూశాడు. పెట్టెలోంచి ఆ లావుపాటి పుస్తకమే తీశాడు.

"ఈ ఊరి నుంచి ఎవరూ రైలెక్కరని మీరే చెప్పారుటండి. ఈ ఉర్దూ చదివించుకున్నాను, ఇదిగో," అన్నాడు. కాసేపు తల గోక్కొని, తనే మళ్లీ అన్నాడు. "ఈ ముద్రలు ఎవరివో ఎవరికి తెలుసు? విచారణ సరిగ్గా జరగలేదు, మనుషుల్ని కలవనే లేదు అని పైకి రాస్తాను. మీ బాట దగ్గర కంచెకు చిన్న గేటు వస్తుంది. కానీ ఇక్కడ ఒక సంతకం ఉందండి. ఈవిడెవరు?"



"ఆ పిల్ల లేదయ్యా. పుట్టింటికి పోయింది, ఇగ రాదు," అంది మా అత్త, రెప్ప వేయకుండా.

అప్పుడు నేను నోరు మూసుకొని ఉండాలి. ఇంత చిన్న సంగతి. కానీ ఆ అబద్ధాలతో నాకు విసుగెత్తిపోయింది. గంపలు లేవని ఒకటి, దేవుడికి పెట్టామని ఒకటి, ఇప్పుడు నేనే లేనని ఇంకొకటి. పైగా ఆ కాగితం మీద నా అక్షరాలు ఎంత చక్కగా కనిపిస్తున్నాయో! లేచి నిలబడ్డాను.

"నాదే సాబ్ ఆ సంతకం. అప్పుడు అబద్ధం చెప్పినం. గంపలున్నయి, రోజు రైలుకు పోతం."

ఆయన నావంకా పుస్తకం వంకా మార్చి మార్చి చూశాడు.

"సంతకం పెట్టిన మనిషే ఎదురుగా ఉంటే, మనుషుల్ని కలవలేదని నేనెలా రాసేదమ్మా? మీరే అబద్ధం చెప్పారంటే పైవాళ్లు గేటివ్వరు," అని పుస్తకం మూశాడు. ఆయన గొంతులో కోపం లేదు, జాలే ఉంది. కోపమైతే తిట్టుకోవడానికైనా పనికొచ్చేది.

గంపలు ఎత్తుకొని ఇళ్లకు తిరిగి వచ్చాం. ఇంట్లో మా అత్త తిడుతుందని, కొడుతుందని ఎదురుచూశాను. ఆమె మోకాళ్లకు ఆముదం రాసుకుంటూ కూర్చుంది.

"నిజం చెప్పేటిదానివైతే మొదటి దినమే చెప్పకపోతివా బిడ్డా," అంది చివరికి.

నాకు ఏడుపొచ్చింది. నువ్వు మాత్రం చెప్పావా అని అరవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

ఆ సీజను సగం కాకముందే ఆమె మోకాళ్లు ఆ చుట్టుదారికి ఓడిపోయాయి. పెద్ద గంప నా తల మీదికి వచ్చింది. రైల్వే గేటు దాకా నడవడం, పట్టాలు దాటడం, మళ్లీ వెనక్కి రావడం. అరుగు మీద నిలబడితే ఆ తీగకు అవతల, చేయి చాపితే అందేటంత దగ్గర, మా బాట గడ్డి మొలిచి కనిపిస్తూనే ఉండేది. నేను రైలే చూడలేదని రాసిచ్చినదాన్ని, ఇరవై ఏళ్లు ఆ కంచె చుట్టూ తిరిగి అదే రైలెక్కాను.